ఏ గడిలోనూ పట్టని పిల్లలు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులవారికి, అండమాన్‌లోని డాలీగంజ్ నుంచి ఒక ఉత్తరం



ఈ ఏడు కూడా మా చుట్టుపక్కల ఇళ్ల నుంచి పిల్లలు కంప్యూటర్ సైన్స్ చదవడానికి సముద్రం దాటుతున్నారు. కొందరు చెన్నై పోతారు, కొందరు బెంగళూరు. తల్లిదండ్రుల మనసు మాత్రం ఎక్కువగా విశాఖ మీదే ఉంటుంది. అక్కడ దిగితే భాష మనది. ఊరికి పోయే బస్సు దొరుకుతుంది. అమ్మ వైపు వాళ్లో నాన్న వైపు వాళ్లో ఒకరు రేవు దగ్గరికి వస్తారు. ఆ కోరికతో దరఖాస్తు ముందు కూర్చున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. అందులో స్థానికులకు ఒక గడి ఉంది, స్థానికేతరులకు ఒక గడి ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల మనవలు, మనవరాళ్లు వీటిలో ఎక్కడా సరిగా పట్టరు. ఆ సంగతి మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం.

నేను ఇక్కడి ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మే నెల వచ్చిందంటే మా వరండాలో పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు, చేతిలో సర్టిఫికెట్ల సంచులు. ఏ కాలేజీకి పెట్టాలి, ఏ కౌన్సెలింగ్‌కి డబ్బు కట్టాలి, ఏ కాగితం ఎక్కడ తేవాలి అని అడుగుతారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఆంధ్రప్రదేశ్ దగ్గరికి వచ్చేసరికి ఏం చెప్పాలో నాకే తోచదు.

డాలీగంజ్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం దాటి గారచర్మా వైపు వెళ్లే దారిలో మాది ఒక కూడలి. చుట్టూ ఇళ్లు, దుకాణాలు, ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్లు. 2024 సెప్టెంబరులో కేంద్రం నగరానికి శ్రీవిజయపురం అని పేరు మార్చింది. మా నోళ్లలో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 50 వేలకు పైమాటే. మొత్తం 3 లక్షల 80 వేల జనాభాలో 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. వీళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్లు. జంగ్లీఘాట్‌లో చేపల వేటకు పోయేవాళ్లు, రేవులో బరువులు మోసేవాళ్లు, మేస్త్రీలు, చిన్న ఉద్యోగులు. వాళ్ల పిల్లలు బడిలో హిందీలో ఆడుకుంటారు, ఇంట్లో శ్రీకాకుళం యాసలో అన్నం అడుగుతారు.

ఇక్కడ చదువు లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. మా పక్కనే పహార్‌గావ్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. పాలిటెక్నిక్‌గా మొదలై, ఇప్పుడు బీటెక్ కూడా చెబుతోంది. కంప్యూటర్ సైన్స్ కూడా ఉంది. ఇంటి అన్నం తిని, సిటీ బస్సెక్కి వెళ్లి ఇంజనీరై వచ్చిన పిల్లలను నేను చూశాను, వాళ్లను చూస్తే నాకు గర్వం. ఇక్కడే చదవాలనుకున్న పిల్లను నేనెప్పుడూ వద్దనలేదు. అయితే దీవులన్నిటికీ ఇంజనీరింగ్ చెప్పే సంస్థ ఇదొక్కటే. ఉన్న సీట్లు కొన్నే. సీటు దొరికినా, రెండో ఏడాది వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి పోదామంటే చుట్టుపక్కల చెప్పుకోదగ్గ సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటూ లేదు. హ్యాకథాన్‌కి పోవాలన్నా విమానమే, ప్రాంగణ నియామకాలకు కంపెనీ మనుషులు రావాలన్నా విమానమే. పక్క గదిలో తనకంటే బాగా కోడ్ రాసే నలుగురు ఉంటే తప్ప నేర్చుకోలేని విషయాలు ఈ చదువులో చాలా ఉన్నాయి. అందుకని పిల్లలు బయటికి పోతామంటే కాదనలేం.

ఇంటర్నెట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మావాళ్లలో ఈ చదువు మీద ఆశ పెరగడానికి అది పెద్ద కారణం. 2020 ఆగస్టు 10 దాకా మాకు బయటి ప్రపంచంతో ఉన్న లంకె ఉపగ్రహమే. ఒక వీడియో పాఠం తెరుచుకోవడానికి పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునేవాళ్లు. సాఫ్ట్‌వేర్ ఏదైనా దింపుకోవాలంటే చెన్నై వెళ్లేవాళ్ల చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపేవాళ్లు. ఆ ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. మొత్తం పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు స్వరాజ్‌ద్వీప్, లిటిల్ అండమాన్, రంగత్, కార్‌నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ దాకా అందింది. ఆ తర్వాత ఇక్కడ పిల్లల చదువు తీరే మారింది. పదో తరగతి పిల్ల తనంతట తాను పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని మా ఇంటికొచ్చి, ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రామ్ నడిపి చూపించింది. కేబుల్ పాఠాన్ని ఇంటిదాకా తెచ్చింది. డిగ్రీ కోసం మాత్రం పిల్ల ఇల్లు దాటక తప్పడం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ రాష్ట్రంలో ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లు, రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం భర్తీ అవుతాయి. 85 శాతం స్థానికులకు. స్థానికత అంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరసగా ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. చదువు అక్కడ లేకపోతే నివాసమైనా ఉండాలి. మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. వాటికి స్థానికులూ పోటీ పడవచ్చు. బయట చదివిన పిల్లల విషయంలో అయితే, తల్లిదండ్రుల్లో ఒకరు బయట ఉద్యోగం చేసిన కాలం పోగా మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉండాలి. రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగులుగా ఉన్నవాళ్ల పిల్లలకు, ఇంకా ఒకటి రెండు వర్గాలకు కూడా అవకాశం ఉంది.

ఈ నియమం చదువుతున్నప్పుడు నా కళ్ల ముందు రెండు రకాల కుటుంబాలు కదులుతాయి. ఒక తండ్రి సోంపేట దగ్గర పల్లెలో పుట్టి, పాతికేళ్ల వయసులో మేస్త్రీ పనికి ఇక్కడికి వచ్చాడు. ఆయన కూతురు చిన్నప్పటి నుంచీ ఇక్కడే చదివింది కాబట్టి స్థానికురాలు కాదు. అయినా తండ్రి పదేళ్ల నివాసం నిరూపిస్తే 15 శాతంలోకి దారి ఉంది. అందుకు తండ్రి ఊరెళ్లి, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి, తన చిన్ననాటి నివాసానికి కాగితం తేవాలి. దానికి ఓడ ప్రయాణం, పని దినాలు, తెలిసినవాళ్ల సాయం అన్నీ కావాలి. కష్టమే, దారి అయితే ఉంది. రెండో ఇంట్లో తాత వచ్చాడు, తండ్రి ఇక్కడే పుట్టాడు, తల్లి ఇక్కడే పుట్టింది. పిల్ల ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడదు, ఆమె పెళ్లి సంబంధం రేపు టెక్కలి నుంచే వస్తుంది, తాత ఇల్లు ఇంకా పలాస దగ్గరే ఉంది. ఆమెకు మీ కన్వీనర్ సీట్లలో 85 శాతంలో చోటు లేదు, 15 శాతంలో కూడా లేదు. ఏళ్లు గడిచేకొద్దీ డాలీగంజ్‌లో మొదటి రకం ఇళ్లు తగ్గి, రెండో రకం ఇళ్లే పెరుగుతాయి. అంటే ఈ నియమం మావాళ్లలో ఏటికేడు మరికొంతమందిని బయట నిలబెడుతుంది.

ఈ ఉత్తర్వు తప్పని నేను అనడం లేదు. వెనకబడిన ప్రాంతాల పిల్లలకు వాళ్ల ఇంటి దగ్గరి సీటు దక్కాలన్న ఆలోచన వెనక 1969, 1972 ప్రాంతీయ ఉద్యమాల బాధ ఉంది. దాన్ని నేను గౌరవిస్తాను. శ్రీకాకుళం పిల్ల సీటు తీసి అండమాన్ పిల్లకు ఇమ్మని ఎవరూ అడగకూడదు. ఉత్తర్వు రాసిన రోజున సముద్రం అవతల యాభై వేలమంది తెలుగువాళ్లు మూడో తరానికి వస్తారని ఎవరి ఊహలోనూ ఉండి ఉండదు. అంతే.

రిజర్వేషన్ సంగతి ఇంకా బాధాకరం. సరిహద్దు దాటితే కులం ఇచ్చిన రక్షణ వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆ కేసు కూడా తెలుగు కుటుంబానిదే. ఆంధ్రాలో షెడ్యూల్డ్ తెగకు చెందిన కుర్రాడు, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగి, అక్కడి మెడికల్ కాలేజీలో ఆ కోటా సీటు అడిగాడు. పుట్టిన రాష్ట్రంలోని హోదా వలస వచ్చిన చోట పనిచేయదని కోర్టు తేల్చింది. మా దీవులకైతే షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. ఓబీసీ జాబితాలో ఉన్నవి పాత స్థిరనివాసుల సముదాయాలు కొన్ని. బతుకుదెరువుకు తర్వాత వచ్చిన తీరప్రాంతపు మత్స్యకార కుటుంబం, భీమిలిలో ఉన్న అన్నదమ్ముల పిల్లలకు వచ్చే వెనకబడిన తరగతి ప్రయోజనం ఇక్కడ పొందదు. మీ దగ్గరికి వస్తే స్థానికేతరులు కాబట్టి అక్కడా పొందదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాష్ట్ర నివాసులకు మాత్రమే. కాబట్టి చివరికి మిగిలేది యాజమాన్య కోటా, లేదా ప్రైవేటు విశ్వవిద్యాలయం. రెండిటికీ డబ్బు కావాలి. అదే కోటాలో ప్రవాస భారతీయుల కోసం విడిగా సీట్లు ఉంటాయి. కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగు పిల్లకు దారి చూపిన రాష్ట్రం, చేపల వేట మీద బతికే జంగ్లీఘాట్ తెలుగు ఇంటికి కూడా ఏదో ఒక దారి చూపగలదని నా నమ్మకం.

పరీక్ష దగ్గరికి వద్దాం. ఈ సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. దాని ఇంజనీరింగ్ పేపరు మీకు తెలిసిందే: మూడు గంటల్లో 160 ప్రశ్నలు, లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మా పిల్లలు చదివేది సీబీఎస్‌ఈ. అక్కడ అడుగు అడుగూ రాసి చూపించే పరీక్ష. నిమిషానికో ప్రశ్న తేల్చే వేగం మీ ఇంటర్ కాలేజీల్లో రెండేళ్లు వారంవారం పరీక్షలు రాస్తే వస్తుంది. ఆ తేడాను పిల్లలు తమ కష్టంతో పూడ్చుకోగలరు, పూడ్చుకున్నవాళ్లను చూశాను. పూడ్చుకోలేనిది దూరం. జేఈఈ మెయిన్‌కి పోర్ట్‌బ్లెయిర్‌లో కేంద్రం ఉంది. ఈఏపీసెట్‌కి లేదు. ఆ ఒక్క పూట పరీక్ష రాయడానికి పిల్లతో పాటు ఒక పెద్ద మనిషి విశాఖ వెళ్లాలి. వైజాగ్ ఓడ నెలకొకసారి వస్తుంది, ప్రయాణం రెండున్నర మూడు రోజులు. తేదీలు కలవకపోతే చెన్నై మీదుగా పోవాలి, లేదా విమానం. తిరిగి వచ్చి, సీటు దొరికితే చేరడానికి మళ్లీ పోవాలి. పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతుంది కాబట్టి, జేఈఈ రాసే గదుల్లోనే ఇది కూడా రాయించవచ్చు.

సీటు దొరికిన పిల్ల మొదటి ఏడాది గురించి ఇప్పుడు కాస్త వివరంగా చెబుతాను. ఉత్తర్వులు, కోటాలు మారడానికి కాలం పడుతుంది. మొదటి ఏడాదిని మాత్రం మీ కాలేజీలు రేపటి నుంచే తేలిక చేయగలవు.

పన్నెండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న మా పిల్లలు పైథాన్‌లో ఫంక్షన్లు, ఫైళ్లు, స్టాకులు, మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లు నేర్చుకుని వస్తారు. ఇంటర్ ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది అప్పటిదాకా ఒక్క ప్రోగ్రామ్ కూడా రాసి ఉండరు. కాబట్టి మావాళ్లు ముందుండాలి. తీరా చూస్తే మొదటి సెమిస్టర్‌లోనే కొందరు జావగారిపోతారు. కారణం సీ భాష. పైథాన్‌లో ఒక జాబితాకు ఇంకో అంకె చేర్చాలంటే ఒక పంక్తి చాలు, చోటు ఎక్కడిదో ఎంతో ఎవరూ అడగరు. సీ లో ప్రతి వేరియబుల్‌కు రకం చెప్పాలి, జాబితా పెరగాలంటే ఎంత చోటు కావాలో మనమే అడగాలి, వాడుకున్నాక తిరిగి ఇవ్వాలి. పాయింటర్ అంటే ఆ చోటు చిరునామా. పొరపాటున వేరే చిరునామాకు పోతే ప్రోగ్రామ్ ఏ సంజాయిషీ లేకుండా ఆగిపోవచ్చు. నాకు ప్రోగ్రామింగ్ వచ్చు అనుకుని వచ్చిన పిల్లకు అది పెద్ద దెబ్బ. ఏమీ రాదని వచ్చిన పిల్లకు అంత దెబ్బ తగలదు. పైథాన్ తెర వెనక కూడా ఈ చోటు లెక్కలే జరుగుతున్నాయని, నువ్వు నేర్చుకున్నది వృథా కాలేదని ఒక లెక్చరర్ ఒక్క గంట కూర్చుని చెబితే ఆ పిల్ల తేరుకుంటుంది. అలా చెప్పిన మాస్టారు దొరికిన పిల్లలు ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు.

రెండోది భాష. బయటివాళ్లు దీన్ని ఊహించరు. క్లాసులో లెక్చరర్ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, చిక్కు వచ్చినచోట తెలుగులోకి దిగుతాడు. మా పిల్లకు తెలుగు చెవికి తెలిసిందే. అయితే వచ్చింది ఇంటి తెలుగు, తరగతి తెలుగు కొత్త. హాస్టల్ గోడ మీద అతికించిన తెలుగు నోటీసు చదవలేని పిల్లలున్నారు, బడిలో వాళ్ల భాష హిందీ కాబట్టి. తోటివాళ్లు నీది ఏ ఊరు అంటారు, అండమాన్ అంటే అడవిలో ఉంటారా, జారవా తెగవాళ్లను చూశావా అంటారు. దురుద్దేశంతో కాదు, తెలియక. ఆ ప్రశ్నకు నవ్వి జవాబు చెప్పే ధైర్యం అందరికీ ఉండదు. తెలుగువాళ్ల మధ్యకు వెళ్తున్నాం అనుకుని బయల్దేరిన పిల్ల అక్కడ తొలి నెలంతా పరాయిదానిలా ఉండడం నా మనసును చాలా కష్టపెట్టింది. విశాఖలో చదివే సీనియర్ అండమాన్ పిల్ల ఒకరు ఆమెను చేరదీస్తే చాలు. ఆ సీనియర్ ఎవరో చెప్పేవాళ్లు కావాలి. ప్రతి కాలేజీ దగ్గర వాళ్ల పేర్లు ఉంటాయి, కలిపేవాళ్లే లేరు.

మూడోది హాజరు. సెమిస్టర్‌కి 75 శాతం హాజరు కావాలి, 65 దాకా తగ్గితే కారణం చూపించి మినహాయింపు కోరవచ్చు, దానికంటే తగ్గితే సెమిస్టర్ పోతుంది. కౌన్సెలింగ్ చివరి విడతలో సీటు వచ్చిన మా పిల్ల ఓడ దొరికి, సామాను సర్దుకుని చేరేసరికి తరగతులు సాగిపోతుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు. ఓడలు ఆగిపోతాయి, విమానాలు రద్దవుతాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి వచ్చిన పిల్ల తిరిగి వెళ్లడం తన చేతుల్లో ఉండదు. రేవు కార్యాలయం నుంచి ఓడ రద్దయిన కాగితం తెస్తే ఆ రోజులు మినహాయించమని మీరు ఒక సర్క్యులర్ ఇస్తే ఒక సెమిస్టర్ నిలబడుతుంది.

సెలవుల సంగతి కూడా వినండి. దసరాకు, సంక్రాంతికి హాస్టల్ మెస్ మూసేస్తారు. మిగతా పిల్లలు బస్సెక్కి ఊళ్లకు పోతారు. మావాళ్లకు పోనూ రానూ ఓడలోనే ఆరు రోజులు, దసరా సెలవులు దారిలోనే అయిపోతాయి. బంధువులున్న పిల్లలు కంచిలికో కవిటికో పోతారు. లేనివాళ్లు ఖాళీ హాస్టల్లో ఉండి బయట హోటల్లో తింటారు. ఆడపిల్లల విషయంలో తల్లులు ఆ రోజుల్లో ఫోను చేతిలోంచి దించరు. పెద్ద పండగ నాడు ఇల్లంతా వంటలు చేసి, పిల్ల ఏం తిందో అని ఒక ముద్ద మింగలేని తల్లి మా పక్కింట్లోనే ఉంది. మెస్‌లో ఒక పొయ్యి వెలిగించి ఉంచడం కాలేజీకి పెద్ద ఖర్చు కాదు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు, ఈశాన్యం నుంచి వచ్చినవాళ్లకు కూడా అది మేలే.

ఇప్పుడు సీట్ల విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దీనికి దేశంలో ఒక మంచి నమూనా ఉంది. 2011లో జమ్మూకశ్మీర్ పిల్లల కోసం ప్రధానమంత్రి ప్రత్యేక స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) దాన్ని నడుపుతుంది. బయటి రాష్ట్రాల్లో చదివే పిల్లలకు ఇంజనీరింగ్ ఫీజు ఏడాదికి లక్షా పాతికవేల దాకా, ఖర్చులకు ఇంకో లక్ష ఇస్తారు. అంతకంటే నాకు ముఖ్యమనిపించింది సూపర్‌న్యూమరరీ సీట్ల ఏర్పాటు. కాలేజీకి మంజూరైన సీట్లకు పైన కోర్సుకు రెండు చొప్పున వాళ్ల కోసం అదనంగా తెరుస్తారు. ఎవరి సీటూ తగ్గదు. 85 శాతం లెక్క చెడదు, 1974 ఉత్తర్వు ముట్టుకోనక్కర లేదు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు యూజీసీ ఈశాన్ ఉదయ్ స్కాలర్‌షిప్ 2014 నుంచి ఇస్తోంది. దూరాన ఉన్న పిల్లల చదువుకు ప్రత్యేక సాయం అవసరమని ఈ రెండూ ఒప్పుకున్నాయి.

అదే పద్ధతిలో ఉత్తరాంధ్ర, కాకినాడ వైపు ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీల్లో, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, కాకినాడలో జేఎన్‌టీయూ, కంప్యూటర్ సైన్స్‌లో రెండేసి సీట్లు అండమాన్ నికోబార్ దీవుల పిల్లల కోసం అదనంగా తెరవడానికి ఏఐసీటీఈ అనుమతి అడగండి. తెలుగు పిల్లలకు మాత్రమే అని నేను అనను. బెంగాలీ పిల్ల, నికోబారీ పిల్ల, కారెన్ పిల్ల వస్తే మాకు ఇంకా సంతోషం. అర్హతకు జేఈఈ మెయిన్ ర్యాంకు తీసుకుంటే, పరీక్షా కేంద్రం చిక్కు కూడా వీళ్ల మట్టుకు తీరుతుంది. దీవులకు చెందినవాళ్లనే నిరూపణకు ఇక్కడి పరిపాలన ఇచ్చే ఐలాండర్ కార్డు ఉంది.

ఇంకొక ఆలోచన కూడా పరిశీలించండి. పహార్‌గావ్ సంస్థలో డిప్లొమా చేసిన పిల్లలు మీ ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కడా స్థానికతే అడ్డు. అదే కాకుండా, బీటెక్ రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు విశాఖలో అనే ఒప్పందం రెండు సంస్థల మధ్య కుదిరితే, పదిహేడేళ్లకే ఇల్లు దాటలేని పిల్లలు పందొమ్మిదేళ్లకు, కాస్త ధైర్యం వచ్చాక దాటుతారు. జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉద్దేశం ఇలాంటి రాకపోకలే. నా మటుకు నాకు ఇది అన్నిటికంటే మేలైన మార్గం అనిపిస్తుంది. ఇక్కడి సంస్థ కూడా దాంతో బలపడుతుంది.

ఈ పిల్లలు చదివి ఏం చేస్తారు, బెంగళూరులోనే ఉండిపోతారు కదా అని ఒకరు నన్ను అడిగారు. ఉండిపోయేవాళ్లు ఉంటారు, వాళ్ల బతుకు వాళ్లది. కానీ ఇక్కడ ఈ చదువుకు ఎంత పని ఉందో చూడండి. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చినప్పుడు మాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. కార్‌నికోబార్‌లో ఊళ్లకు ఊళ్లే పోయాయి. ఆ తర్వాత 2007లో భారత సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అది ఉన్నది హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో. సముద్రం అడుగున ఉన్న పరికరాల నుంచి ఒత్తిడి లెక్కలు, తీరం మీది కొలతలు, భూకంప కేంద్రాల సమాచారం అన్నీ అక్కడ కంప్యూటర్లు నిమిషాల్లో కలిపి చూసి, మాకు హెచ్చరిక పంపుతాయి. మా ప్రాణాలు కాసే ఆ పని తెలుగు నేల మీద జరుగుతోంది. ఆ హెచ్చరిక కమోర్తాలో నికోబారీ భాషలో, జంగ్లీఘాట్‌లో తెలుగులో, ప్రతి పడవకూ చేరేలా చేయగల సాఫ్ట్‌వేర్ రాయడానికి ఇక్కడ పుట్టిన పిల్ల కంటే తగినవాళ్లెవరు? ఆ అల గురించి తన అమ్మ నోట విన్న పిల్ల ఆమె.

2024 జూన్ 2తో రెండు తెలుగు రాష్ట్రాల పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు తీరింది. దాంతో స్థానికత నియమాలు మళ్లీ మీ బల్ల మీదికి వచ్చాయి. ఆ కాగితాలు ఇకముందు చూసేటప్పుడు, తల్లిదండ్రుల పదేళ్ల నివాసం అన్నచోట తాతల నివాసానికి కూడా విలువ ఇవ్వడం సాధ్యమా అని న్యాయ నిపుణులను అడగండి. కేంద్రం సమ్మతి కావాలంటే అడగడం మీరే మొదలుపెట్టాలి. అది ఆలస్యమైనా, మిగతావాటికి రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు. పోర్ట్‌బ్లెయిర్ పరీక్షా కేంద్రాన్ని వచ్చే ఈఏపీసెట్ నోటిఫికేషన్‌లో చేర్చండి. ఓడ, విమానం రద్దయిన రోజుల హాజరుకు ఒక సర్క్యులర్, పండగ సెలవుల్లో మెస్ నడపమని ఒక సర్క్యులర్ ఈ విద్యా సంవత్సరంలోనే ఇవ్వవచ్చు. అదనపు సీట్ల ప్రతిపాదన ఏఐసీటీఈ తదుపరి అనుమతుల సమయానికి చేరేలా చూడండి. దీవుల విద్యాశాఖతో మీ కార్యాలయం ఒకసారి ఉత్తరప్రత్యుత్తరాలు జరిపితే, ఏటా ఎందరు పిల్లలు పన్నెండో తరగతి సైన్స్ పూర్తిచేస్తున్నారో, ఎందరు ఆంధ్రా వైపు రావాలనుకుంటున్నారో మీకే తెలుస్తుంది. ఆ సమాచారం పోగుచేయడానికి మా వైపు నుంచి ఏ పని కావాలన్నా చేస్తాం. ఫారాలు నింపించడం, కార్డుల నకళ్లు తీయించడం, తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడడం మాకు అలవాటే.

మీ జవాబు కోసం మా పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, వాళ్లతో పాటు నేను ఎదురుచూస్తుంటాం.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు
డాలీగంజ్, దక్షిణ అండమాన్